బీపీ ఒంటరిగా రాదు: ఊళ్లో ఇంటింటికీ పనికొచ్చే కొలతలు, ఉప్పు లెక్క, గోళీల పద్ధతి

పై బీపీ 156, కింది బీపీ 98 ఉన్న మనిషికి చాలాసార్లు ఏ బాధా ఉండదు. పత్తికి మందు కొడతాడు, యూరియా బస్తా మోస్తాడు, పొద్దుగూకితే కల్లు మండువకు పోయి వస్తాడు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనే అనుకుంటాడు. ఏళ్లు గడిచాక ఒకనాడు మూతి వంకరపోయి, చెయ్యి పడిపోతే ఇంట్లోవాళ్లు అనేది ఒకటే మాట: "నిన్నటిదాక మంచిగనే ఉండె."

బీపీ పట్నం రోగమనే మాట పాతబడింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన, 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే పల్లెలూ పట్నాలూ కలిపి దేశమంతా తిరిగి లెక్క తీసింది. 20 ఏళ్లు దాటినవారిలో 35.5 శాతం మందికి బీపీ, 11.4 శాతం మందికి షుగర్, 39.5 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నట్టు తేలింది. ఈ మూడూ వేర్వేరు జబ్బులుగా కనిపించినా చాలామందిలో మూలం ఒక్కటే. పొట్టలో, కాలేయంలో కొవ్వు చేరితే షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్ మాట శరీరం వినదు. దాంతో ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ కిడ్నీల నుంచి ఉప్పు బయటికి పోకుండా ఆపుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరుగుతుంది. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రమే ముందుకు వచ్చిన మనిషిని మన దగ్గర లావు అనరు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇంట్లోవాళ్లందరినీ కొలిచి రాసిపెట్టే పని ఇంటికొకరు నెత్తిన వేసుకుంటే చాలు. ఇంటర్ చదివే బిడ్డ కావచ్చు, కోడలు కావచ్చు, మహిళా సంఘం లీడర్ కావచ్చు. కావలసినవి ఒక టైలర్ టేపు, కొంచెం దారం, జబ్బకు కట్టే డిజిటల్ బీపీ మిషన్, ఒక నోట్‌బుక్. మిషన్ ఇంటికొకటి అక్కర్లేదు, పది ఇళ్లకు ఒకటి సరిపోతుంది. మణికట్టుకు కట్టేది మాత్రం కొనొద్దు, చెయ్యి కాస్త కిందికో మీదికో జరిగినా దాని అంకె మారిపోతుంది.

మొదటి మెట్టు: నడుము కొలత

"నా ప్యాంటు సైజు 34" అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ప్యాంటు పొట్ట కింద కడతారు, పొట్ట దాని మీద వేలాడుతుంది. పక్కటెముకల్లో చివరిది ఎక్కడుందో వేలితో వెతకండి. తుంటి ఎముక పైఅంచు కూడా వెతకండి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. చీర కట్టుకున్నవాళ్లు లంగా బొందు కాస్త కిందికి జరుపుకోవాలి, కుచ్చిళ్ల మీంచి కొలిస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి లాక్కోవడం ఫొటోకు పనికొస్తుంది, ఇక్కడ కాదు.

మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళాలు. ఆడవాళ్లకు 80, అంటే 31న్నర అంగుళాలు. ఇది దాటితే పొట్ట కొవ్వు లెక్కలోకి వచ్చినట్టే. టేపు లేకపోయినా పని ఆగదు: మనిషి ఎత్తంత దారం తెంపి, దాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పండి. రెండు కొసలు కలవకపోతే నడుము ఎక్కువున్నట్టు. బడి పిల్లలు కూడా చేయగల కొలత ఇది.

రెండో మెట్టు: బీపీని బీపీగా కొలవడం

ఊళ్లో బీపీ లెక్కలు తప్పడానికి మిషన్ కంటే కూర్చునే తీరే ఎక్కువ కారణం. పొలం నుంచి వచ్చి, గడప మీద కూర్చుని, ముచ్చట పెడుతూ, చెయ్యి ఒడిలో పెట్టుకుని చూపించుకుంటారు. అట్లా వచ్చిన అంకెతో గోళీ మొదలుపెట్టినా తప్పే, మానేసినా తప్పే.

పద్ధతి ఇట్లా ఉండాలి. చాయ, బీడీ, చుట్ట, అంబర్, గుట్కా ముట్టి కనీసం అరగంట గడవాలి. మూత్రానికి వెళ్లి రావాలి, నిండిన మూత్రాశయం కూడా బీపీని పెంచి చూపిస్తుంది. వీపుకు ఆనిక ఉన్న కుర్చీలో, పాదాలు రెండూ నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. నులక మంచం అంచు పనికిరాదు, వీపుకు ఆనిక ఉండదు. చెయ్యి బల్ల మీదో, రెండు దిండ్ల మీదో గుండె ఎత్తులో ఆనాలి. ఊరికే వేలాడదీస్తే పై బీపీ ఆరేడు అంకెలు ఎక్కువ చూపిస్తుంది. 134 ఉన్న మనిషి 141 అయిపోతాడు. బట్ట మీద పట్టీ కట్టొద్దు. జాకెట్ చెయ్యి పైకి మడిస్తే బిగుసుకుంటుంది, కాబట్టి వదులు జాకెట్ వేసుకోమనండి. పట్టీ అంచు మోచేతి మడత కంటే రెండు వేళ్లు పైన ఉండాలి.

పట్టీ సైజు ఎవరూ పట్టించుకోరు. మిషన్‌తో వచ్చే పట్టీ మామూలుగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న జబ్బకు సరిపోతుంది. జబ్బ అంతకంటే లావుంటే అంకె ఎక్కువ వస్తుంది. ఎండుకట్టెలాంటి చేతులున్న ముసలమ్మకు అదే పట్టీ పెద్దదై, ఉన్న బీపీని తక్కువగా చూపిస్తుంది. జబ్బ మధ్యలో ఒకసారి టేపు చుట్టి, కొలత నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత ఎప్పుడూ చూడాలి. అనుమానం ఉంటే ఏడు రోజులు, పొద్దున గోళీ వేసుకోకముందు రెండుసార్లు, రాత్రి తిండికి ముందు రెండుసార్లు కొలవండి. మొదటి రోజు అంకెలు కొట్టేసి మిగతా ఆరు రోజుల 24 అంకెల సగటు తీయండి. ఇంట్లో ఆ సగటు 135/85 గానీ, దవాఖానలో వేర్వేరు రోజుల్లో 140/90 గానీ దాటితే బీపీ ఉన్నట్టు. పై అంకె ఒక్కటి దాటినా లెక్కే, కిందిది ఒక్కటి దాటినా లెక్కే. "పైది ఎక్కువున్నా కిందిది మంచిగనే ఉంది" అని సర్దుకోవడానికి లేదు.

మిషన్‌ను ఏడాదికొకసారి పీహెచ్‌సీకి తీసుకుపోయి అక్కడి మిషన్ పక్కన పెట్టి చూడండి. బ్యాటరీలు దిగిపోయినా అంకెలు తారుమారవుతాయి.

మూడో మెట్టు: రక్త పరీక్ష

పరగడుపున చూసే షుగర్‌కు 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు. "ఒక్క చాయే తాగిన" అంటే పరగడుపు పోయినట్టే. వేలు గుచ్చేముందు చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. బెల్లం దంచిన చేతులతో, మలీద ముద్దలు చేసిన చేతులతో చూస్తే ఆ తీపి కూడా లెక్కలోకి వచ్చి షుగర్ రెండు వందలు చూపించొచ్చు. వేలిని గట్టిగా పిండొద్దు. స్ట్రిప్పుల డబ్బాను ఎండాకాలం బండి డిక్కీలో పెడితే వేడికి స్ట్రిప్పులు పాడై తప్పుడు అంకెలిస్తాయి.

పరగడుపున 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 మధ్య ఉంటే షుగర్ గడప దగ్గరున్నట్టు. 126 దాటితే ఇంకోరోజు ల్యాబ్‌లో చూపించి ఖాయం చేసుకోవాలి, గ్లూకోమీటర్ ఒక్కదాన్ని నమ్మి షుగర్ ఉందని తేల్చకూడదు. ఆ సూదితోనే కొవ్వు పరీక్ష, కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా అడగండి, మూత్రంలో ప్రొటీన్ పోతుందేమో కూడా చూపించండి. పీహెచ్‌సీలో తీసిన రక్తాన్ని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రానికి పంపి ఉచితంగా పరీక్షిస్తారు. ప్రైవేటు ల్యాబ్‌లో డబ్బులు పెట్టేముందు ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడిగి చూడండి.

ఇప్పుడు నోట్‌బుక్‌లో అయిదు గళ్లు గీయండి. నడుము 90 లేదా 80 దాటిందా? బీపీ 130/85 చేరిందా (ఈ గడికి హద్దు బీపీ జబ్బు హద్దు కంటే తక్కువే)? పరగడుపు షుగర్ 100 చేరిందా? ట్రైగ్లిజరైడ్లు 150 చేరాయా? మంచి కొవ్వు (రిపోర్టులో హెచ్‌డీఎల్) మగవాళ్లకు 40 కంటే, ఆడవాళ్లకు 50 కంటే తగ్గిందా? అయిదింట్లో మూడు ఔనంటే డాక్టర్లు మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఒక్కో అంకె విడిగా చూస్తే "కొంచెమే కదా" అనిపిస్తుంది. మూడూ కలిసినప్పుడు గుండెపోటుకు, షుగర్‌కు దారి దగ్గరైపోతుంది. 30 ఏళ్లు నిండినవాళ్లందరికీ ఏడాదికొకసారి ఈ అయిదూ చూడాలి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చిన ఆడవాళ్లను వయసుతో పనిలేకుండా ఈ జాబితాలో చేర్చండి. కాన్పయ్యాక తగ్గిపోయిందని వదిలేసినవాళ్లలోనే తర్వాత ఎక్కువగా తిరిగి వస్తుంది.

నాలుగో మెట్టు: ఉప్పు లెక్క

మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే చెంచాడు ఉప్పు, మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎవరూ చెంచాతో కొలుచుకుని తినరు. అందుకే ప్యాకెట్‌ను కొలవాలి. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే పెన్నుతో రాయండి. నలుగురున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు, అంటే ఆ ప్యాకెట్ 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోతే మనిషికి 10 గ్రాములు పోతున్నట్టు. చుట్టాలు వచ్చిన రోజులు, నాటుకు వచ్చిన కూలీలకు వండిపెట్టిన రోజులు తీసేసి లెక్కేయండి.

ఇందులో తొక్కులకు కొన్న దొడ్డుప్పు రాలేదు. దాన్నీ కలపాలి: ఎండాకాలంలో 2 కిలోలు పడితే, ఏడాదికి పంచితే ఇంటికి రోజుకు ఐదున్నర గ్రాములు, మనిషికి దాదాపు గ్రామున్నర. మామిడికాయ తొక్కులో ఎంత ఉంటుందో చూడండి. కిలో ముక్కలకు 200 గ్రాముల ఉప్పు, 150 కారం, 100 ఆవపిండి, 100 ఎల్లిపాయ, 300 గ్రాముల నూనె వేస్తే మొత్తం 1850 గ్రాములు. అందులో ఉప్పు సుమారు 11 శాతం. పెద్ద చెంచాడు, 15 గ్రాముల తొక్కు వేసుకుంటే గ్రామున్నర పైచిలుకు ఉప్పు. పొద్దున సద్దిలో, పగలు, రాత్రి మూడుసార్లు వేసుకుంటే కూర ముట్టకముందే ఆ రోజు కోటా అయిపోయినట్టే. తొక్కు మానేయమని ఎవరితోనైనా చెప్పి చూడండి, ఇంట్లో యుద్ధమే. పూటలు తగ్గించమంటే వింటారు: తొక్కు ఒక్క పూట, చిన్న చెంచాతో.

మిగతాది వంట దగ్గర తగ్గించాలి. ఒకేసారి సగం తగ్గిస్తే గిన్నె నూకి లేస్తారు. రెండు వారాలకొకసారి నాలుగో వంతు చొప్పున తగ్గించండి, నాలుక మెల్లగా అలవాటు పడుతుంది. రొట్టె పిండిలో, మజ్జిగలో ఉప్పు వేయడం ఆపేయండి. పచ్చిపులుసు మాత్రం ఉప్పు అడిగే వంట. అందులో ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ, జీలకర్ర పెంచితే చాలావరకు సరిపోతుంది. ఎండు చేపలను వేడినీళ్లలో రెండుసార్లు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. బిస్కెట్లు, మిక్చర్ ప్యాకెట్లలో ఉన్న ఉప్పు నాలుకకు తెలియదు.

గ్యాస్ పొడి సంగతి వేరే చెప్పాలి. కడుపు ఉబ్బరమని నీళ్లలో కలుపుకుని తాగే 5 గ్రాముల పొట్లంలో సోడా ఉంటుంది. అందులోని సోడియం, అంటే ఉప్పులో బీపీ పెంచే పదార్థం, సుమారు 2 గ్రాముల ఉప్పులో ఉండేంత. రోజూ తాగేవాళ్ల బీపీ దిగకపోతే ముందు దీన్నే అడగండి. సైంధవ లవణం బీపీ పెంచదన్న మాట కూడా నమ్మొద్దు, దానిలో సోడియం దాదాపు మామూలు ఉప్పంతే. 'తక్కువ సోడియం' అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. మంచిదే, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్ అనే బీపీ గోళీ వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు.

"ఉపాధి పనికి పోతే చెమటలో ఉప్పంతా పోతది కదా" అంటారు. ఎండకు కొన్ని రోజులు అలవాటుపడ్డ ఒంటి నుంచి చెమటతో పోయే ఉప్పు తగ్గిపోతుంది. మామూలు తిండిలోని ఉప్పు చాలామందికి సరిపోతుంది, తగ్గేది నీళ్లే. మూత్రం ఎక్కువ పోయే గోళీ వేసుకునేవాళ్లకు ఎండలో తల తిరిగితే మాత్రం కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి ఇంకోసారి బీపీ చూడండి. నిలబడ్డప్పుడు పై అంకె 20 పడిపోతే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. మోతాదు మార్చాల్సింది డాక్టరే, మీరు గోళీ ఆపేయకూడదు.

అయిదో మెట్టు: పళ్లెం, పని

నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది, కలుపుకు గడ్డిమందు, కోతకు హార్వెస్టర్. ఒంటికి పని తగ్గింది, పళ్లెంలో అన్నం కుప్ప మాత్రం తాత తిన్నంతే ఉంది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్న బియ్యం వస్తోంది. తినడానికి బాగుంటుంది, కానీ పాలిష్ బియ్యం సన్నమైనా దొడ్డైనా షుగర్ పెంచడంలో దాదాపు ఒకటే. అన్నం మానేయొద్దు. రోజూ వండే గ్లాసుకు మూడో వంతు తగ్గించి, ఆ చోటు పప్పుతో, ఆకుకూరతో, గుడ్డుతో నింపండి. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ అంత వేగంగా ఎగబాకదు.

జొన్న రొట్టె, మక్క గట్క మంచివే. జరిగే తప్పు ఏమంటే, మూడు రొట్టెలు తిన్నాక "బువ్వ తినకపోతే ఎట్ల" అని అన్నం కూడా పెట్టుకోవడం. రొట్టె అన్నానికి బదులు రావాలి. చాయలో రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు నాలుగు చాయలంటే 40 గ్రాముల చక్కెర. ముందు ఒక చెంచాకు తెచ్చి, తర్వాత చాయలే తగ్గించండి. నూనె నలుగురికి నెలకు మూడు లీటర్ల ప్యాకెట్లు దాటొద్దు. సకినాలు, గారెలు చేసిన నెల ఎటూ దాటుతుంది, దానికి మనసు పాడు చేసుకోనక్కర్లేదు.

కల్లు, మందు రెండూ బీపీని, ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. మత్తుమందు కలిపిన కల్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు. వాళ్లను డాక్టర్ చూపులో మాన్పించాలి.

నడక వారానికి 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చే వేగంతో. పొలం గట్టు దాకా బండి మీద పోయి మోటర్ వేసి రావడం నడక కిందికి రాదు. రోజంతా బీడీలు చుట్టేవాళ్లు, మరమగ్గాల దగ్గర నిలబడేవాళ్లు గంటకొకసారి లేచి అయిదు నిమిషాలు తిరగాలి.

ఆరో మెట్టు: గోళీలు

పీహెచ్‌సీలో బీపీ గోళీలు ఉచితం. మామూలుగా ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములతోనో టెల్మిసార్టాన్ 40తోనో మొదలుపెడతారు. దిగకపోతే రెండో గోళీ కలుపుతారు, అవసరమైతే మూత్రం ఎక్కువ పోయే గోళీ క్లోర్‌థాలిడోన్ చేరుస్తారు. ఆమ్లోడిపిన్ పూర్తిగా పనిచేయడానికి వారం పైగా పడుతుంది. మూడో రోజే "తగ్గలేదు" అని డాక్టర్‌ను మార్చడం దండగ. 140/90 కంటే తక్కువకు దిగేదాకా నెలనెలా చూపించాలి. షుగర్ ఉంటే డాక్టర్ ఇంకా తక్కువ లక్ష్యం పెట్టొచ్చు.

గోళీ ఆగిపోయే సందర్భాలు ముందే ఊహించవచ్చు: బీపీ 126 వచ్చింది కాబట్టి నయమైందనుకోవడం, ఉపవాసం రోజు, మేడారం జాతరకు పోయిన నాలుగు రోజులు, కూలీకి వేరే ఊరు పోయిన నెల. ఆ 126 గోళీ తెచ్చిన అంకె. "ఒక్కసారి మొదలుపెడితే అలవాటైపోతది" అనే భయం చాలామందికి ఉంది. గోళీ అలవాటు కాదు, బీపీయే పోదు. జాతరకు పోయేటప్పుడు నాలుగు రోజుల గోళీలు విడిగా మూటగట్టండి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మరుసటి పూట దగ్గరపడితే వదిలేయాలి, రెండు కలిపి వేసుకోకూడదు. పాదాలు ఉబ్బితే ఆమ్లోడిపిన్ వల్ల కావచ్చు, చెబితే మారుస్తారు. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు కావాలనుకునేవాళ్లు టెల్మిసార్టాన్ వేసుకోకూడదు, డాక్టర్‌కు ముందే చెప్పాలి.

అన్నింటికంటే ఎక్కువ చెడగొట్టేది ఒళ్లు నొప్పుల సూది. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది, దానికి తోడు స్టెరాయిడ్ వేయించుకుంటారు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ బీపీని పెంచుతాయి, బీపీ గోళీ పనిని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్, మూత్రం గోళీ వేసుకునే మనిషి చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగిన రోజు దాని మీద ఈ సూది పడితే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ. స్టెరాయిడ్ షుగర్‌ను, బీపీని రెంటినీ లేపుతుంది. నొప్పికి పారాసిటమాల్, కాపడం, ఒకరోజు విశ్రాంతి. సూది వేసే మనిషితో ముందే "నాకు బీపీ ఉంది, నొప్పి సూది వద్దు" అని చెప్పండి.

ఏడో మెట్టు: ఆగకూడని సమయం

180/110 దాటి బాధలేవీ లేకపోతే, పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసి, అదే రోజు దవాఖానకు తీసుకుపోవాలి. నాలుక కింద గోళీ పెట్టి బీపీని ఒక్కసారిగా దించే పాత పద్ధతి ప్రమాదం, మెదడుకు రక్తం అందక పక్షవాతం వచ్చే అవకాశం ఉంది. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబాటు, మూతి వంకర, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, చూపు పోవడం కనిపిస్తే మిషన్ వెతకడం మాని 108కి ఫోన్ చేయండి.

పక్షవాతంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పడాలి, అదీ సీటీ స్కాన్ తీశాకే. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు దాదాపు 100 కిలోమీటర్లు. పసరు వైద్యానికి ఒకచోట, నూనె మర్దనకు ఇంకోచోట ఆగితే ఆ సమయం దారిలోనే అయిపోతుంది. మింగగలడో లేదో తెలియదు కాబట్టి నీళ్లు, చాయ, గోళీ ఏదీ నోట్లో పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో, నిద్రలో వస్తే చివరిసారి ఎన్నింటికి బాగున్నాడో గడియారం చూసి నోట్‌బుక్‌లో రాయండి, డాక్టర్ మొదట అడిగేది అదే. రోజూ వేసుకునే గోళీల కవరుతో పాటు ఆ నోట్‌బుక్ కూడా 108లో మనిషి వెంట పోవాలి.